తన తగవుకు తానే తగవరి

ఐక్యరాజ్య సమితి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. “అది ఒట్టి మాటల సంత, దానివల్ల ఒరిగేదేమీ లేదు” అనేవారు కొందరు. “ఇంత పెద్ద దేశానికి భద్రతా మండలిలో శాశ్వత స్థానం లేకపోవడమేమిటి? మనకూ వీటో ఉండవద్దా?” అనేవారు మరికొందరు. తమాషా ఏమిటంటే, ఈ రెండు మాటలూ ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి నోట, ఒకే పూట వస్తాయి. పనికిరాని సంతలో మనకు మాత్రం పెద్ద దుకాణం కావాలనడం ఏమి న్యాయమో ఆలోచించవలసిందే.

2022లో ఉక్రెయిన్ యుద్ధం, 2023లో గాజా యుద్ధం మొదలైన తరువాత ఈ వీటో సంగతి ప్రపంచమంతటా మళ్లీ చర్చకు వచ్చింది. అది మంచిదా, చెడ్డదా, మనం కోరవలసినదేనా అన్న విషయం ఈ నెల కొంచెం నెమ్మదిగా విచారిద్దాము.

భద్రతా మండలిలో 15 దేశాలు ఉంటాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా, చైనా శాశ్వత సభ్యులు. మిగిలిన పదింటినీ రెండేళ్ల కాలానికి సర్వసభ్య సభ ఎన్నుకుంటుంది. ముఖ్యమైన తీర్మానం నెగ్గాలంటే తొమ్మిది ఓట్లు రావాలి. వాటితోపాటు శాశ్వత సభ్యులలో ఏ ఒక్కరూ వ్యతిరేకంగా ఓటు వేయకూడదు. పద్నాలుగు దేశాలు ఔనన్నా, ఈ ఐదింటిలో ఒక్కటి కాదంటే తీర్మానం పడిపోతుంది. దీనినే వీటో అంటున్నారు. ఛార్టరులో ఎక్కడా ఆ మాట లేదు. 27వ అధికరణంలో ఆ అర్థం మాత్రం ఉన్నది.

ఆ ఛార్టరు మీద 1945 జూన్ 26న శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో భారతదేశం తరఫున సంతకం చేసినవారిలో సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు ఒకరు. ఆయన మన కర్నూలులో పుట్టినవారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. అయినా 51 స్థాపక సభ్యులలో భారతదేశం ఒకటి. నేడు సభ్యదేశాలు 193. ఆనాడు ఆఫ్రికా ఖండం నుంచి చేరినవి నాలుగే, నేడు 54. వచ్చినవారికల్లా విస్తళ్లు వేశారు గాని, పై పంక్తిలోని ఐదు పీటలు మాత్రం కదలలేదు.

వీటో ఎందుకు పుట్టింది?

దీనికి కారణం లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నానాజాతి సమితి అని ఒకటి ఏర్పడింది. దానిలో అమెరికా చేరనే లేదు. మంచూరియా విషయంలో తప్పు పట్టారని జపాను 1933లో వెళ్లిపోతానన్నది; అదే యేడు జర్మనీ లేచిపోయింది; 1937లో ఇటలీ సెలవు పుచ్చుకున్నది. బలవంతులందరూ బయటకు పోయిన తరువాత ఆ సమితి రెండవ యుద్ధాన్ని ఆపలేకపోయింది. అందుచేత 1945లో పెద్దలు ఒక లెక్క వేశారు: బలవంతులు లోపల ఉండాలంటే, తమకు కిట్టని తీర్మానాన్ని ఆపుకునే వీలు వారికి ఉండాలి.

ఈ పద్ధతిని సమర్థించేవారు దీనిని కరెంటు ఫ్యూజుతో పోలుస్తారు. తీగలో ప్రవాహం హద్దు మించితే ఫ్యూజు పోతుంది. దీపాలు ఆరిపోతాయి గాని ఇల్లు తగలబడదు. అలాగే, అణ్వాయుధాలున్న ఒక అగ్రరాజ్యం మీదికి మండలి ఓట్లు లెక్కపెట్టి సైన్యాన్ని పంపితే మూడవ ప్రపంచ యుద్ధమే వస్తుంది. అంతకన్న మండలి చీకటిలో కూర్చోవడమే మేలు అని వారి వాదన. ఈ వాదనలో బలం ఉన్నది. ఎనభై యేళ్లుగా అగ్రరాజ్యాలలో ఏదీ సమితిని విడిచి శాశ్వతంగా బయటకు పోలేదన్నది చిన్న సంగతి కాదు.

కాని ఫ్యూజు తీగ వేడెక్కినప్పుడే పోతుంది. ఇంట్లో ఒకరు తమకు కోపం వచ్చినప్పుడల్లా పీకి జేబులో వేసుకునేదాన్ని ఫ్యూజు అనరు. 1996లో బౌత్రోస్ ఘాలీ రెండవసారి ప్రధాన కార్యదర్శి కావడానికి 14 దేశాలు ఒప్పుకున్నా అమెరికా ఒక్కటే అడ్డుకున్నది. దానిలో ఏ ప్రపంచ యుద్ధం తప్పింది?

మన చిట్టా

వీటోను తిట్టేముందు మన చిట్టా మనం తీసి చూసుకోవాలి. అందులో జమా ఉన్నది, ఖర్చూ ఉన్నది.

1948లో నిజాం ప్రభుత్వం హైదరాబాదు విషయమై భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. రాయచూరు, గుల్బర్గా, నాందేడు ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఆ రోజుల కథలు కొత్త కావు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి కూర్చున్నది. 17న నిజాం లొంగిపోయాడు. మండలిలో మన పక్షం వాదించినవారు ఆ మొదలియారుగారే. వీటో అవసరమే రాకుండా ఆ కథ ముగిసింది.

తరువాత యానాం, గోవాల కథ చూడండి. ఒకటి ఫ్రెంచివారి చేతిలో, రెండవది పోర్చుగీసువారి చేతిలో ఉండేవి. ఫ్రాన్సుకు వీటో ఉన్నది; పోర్చుగల్‌కు లేదు. అయినా వీటో ఉన్న ఫ్రాన్సే ఒప్పందానికి వచ్చింది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పరిపాలన మన చేతికి వచ్చింది. 1956లో సంధి పత్రం వ్రాసుకున్నారు. 1962 ఆగస్టు 16న ఆ బదలాయింపు చట్టరీత్యా పూర్తి అయింది. పోర్చుగల్ ఎంత చెప్పినా వినలేదు. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలో ప్రవేశించగానే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ కలిసి మండలిలో ముసాయిదా పెట్టాయి: కాల్పులు మానాలి, భారత సైన్యం వెనక్కు పోవాలి అని. ఏడు ఓట్లు దానికి అనుకూలం, నాలుగు వ్యతిరేకం. ఆనాటి మండలిలో పదకొండుగురే కనుక నెగ్గడానికి ఆ ఏడు చాలును. కాని వ్యతిరేకించిన నలుగురిలో సోవియట్ రష్యా ఉన్నది. తీర్మానం పడిపోయింది.

1971 డిసెంబరు సంగతి ఇంకా పెద్దది. తూర్పు బెంగాలు నుంచి కోటిమంది కాందిశీకులు మన దేశానికి వచ్చిపడ్డారు, యుద్ధం వచ్చింది. ఆ నెలలో రష్యా మనకోసం మూడుసార్లు వీటో వేసింది. విషయం సర్వసభ్య సభకు వెళ్లగా, కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కు తీసుకోవాలని 104 దేశాలు ఓటు వేశాయి. మన వైపు నిలిచినవి 11. మనం ఆ తీర్మానాన్ని పాటించలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. బంగ్లాదేశ్ పుట్టింది. మన కారణం న్యాయమైనదని మనం నమ్ముతున్నాము. చరిత్రా చాలావరకు అలాగే తీర్పు చెప్పింది. కాని ఆనాడు ప్రపంచపు ఓటు మనకు ఎదురుగా ఉన్నదన్న సంగతి మరచిపోకూడదు.

ఇక ఖర్చు పద్దు. ఆ బంగ్లాదేశే 1972 ఆగస్టులో సమితిలో చేరబోతే చైనా వీటో వేసి ఆపింది. రెండేళ్లు గుమ్మం బయట నిలబడి, 1974లో గాని ఆ దేశం లోపలికి రాలేదు. ఇటీవల మసూద్ అజహర్ పేరును ఉగ్రవాదుల జాబితాలో చేర్చాలని మనం అడిగితే, 2016లో, 2017లో, మళ్లీ 2019 మార్చిలో చైనా అడ్డుపడింది. ఆ సంఘంలో అందరూ సమ్మతిస్తేనే పని జరుగుతుంది. చివరికి 2019 మే 1న పేరు ఎక్కింది. రష్యా వీటో మనకు గొడుగైతే, చైనా వీటో మనకు గోడ అయింది. వస్తువు ఒక్కటే.

గొడుగుకు అద్దె కూడా ఉన్నది సుమా! 1968లో రష్యా సైన్యాలు చెకొస్లొవేకియాలో ప్రవేశించినప్పుడు మనం భద్రతా మండలిలో సభ్యులం. ఖండన తీర్మానానికి పది దేశాలు చేయెత్తితే మనం తటస్థంగా ఊరుకున్నాము. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ విషయంలో పదకొండు దేశాలు అవునన్నప్పుడు కూడా మనం, చైనా, అరబ్ ఎమిరేట్స్ తటస్థంగా ఉన్నాము. ఆయుధాలు, చమురు, సరిహద్దు చిక్కులు, ఇలా ఎన్నో కారణాలు చెప్పవచ్చు. ఆనాటి మేలుకూ ఈనాటి మౌనానికీ ఏ సంబంధమూ లేదనడం మాత్రం కష్టం.

తక్కువమందికి రక్షణ ఏది?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. “సంఖ్యాబలంతో చిన్నవారిని తొక్కివేయకుండా వీటో ఒక అడ్డు కాదా?” అని. ఈ ప్రశ్న మనవంటివారికి బాగా తెలిసినదే. కన్నడ దేశంలో, తమిళ దేశంలో, ఒరిస్సాలో, మహారాష్ట్రలో తరతరాలుగా ఉంటున్నాము. ఎక్కడ తలలు లెక్కపెట్టినా మనం తక్కువే. తక్కువమందికి రక్షణ కావాలని మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

కాని మనకున్న రక్షణ ఎటువంటిది? మన రాజ్యాంగంలో 29, 30 అధికరణాలు ఉన్నాయి. భాషను నిలుపుకునే హక్కు, బడులు పెట్టుకునే హక్కు అవి ఇచ్చాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని 1956లో 350ఎ అధికరణం చేర్చారు. అమలు ఎలా ఉన్నదో అది వేరే కథ. అయినా ఆ రక్షణ వ్రాతపూర్వకమైనది. ధనికుడికీ పేదకూ ఒకటే. అన్యాయం జరిగితే న్యాయస్థానానికి వెళ్లవచ్చు. మనలో ఐదు గొప్ప కుటుంబాలను ఏరి, “మీకు నచ్చని చట్టం దేనినైనా కొట్టివేయండి” అని అధికారమిస్తే అది అల్పసంఖ్యాకుల రక్షణ అవుతుందా? మిగతా తెలుగువాళ్లందరూ ఆ ఐదు గుమ్మాల ముందు చేతులు కట్టుకు నిలబడవలసి వస్తుంది. వీటో అటువంటిదే. అది తక్కువమందికి ఇచ్చిన రక్షణ కాదు. బలవంతుడికి ఇచ్చిన మినహాయింపు. ఆ బలవంతుడి స్నేహం ఉన్నన్నాళ్లే చిన్నవాడికి నీడ.

ఆ మినహాయింపు ఫలం కళ్లారా చూస్తున్నాము. ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపిన రష్యా తానే మండలిలో కూర్చుని, ఆ పనిని తప్పు పట్టే తీర్మానాన్ని తానే కొట్టివేసింది. గాజాలో యుద్ధం ఆపాలన్న ముసాయిదాలను 2024 నవంబరులో, 2025 జూన్‌లో, 2025 సెప్టెంబరులో అమెరికా వీటో చేసింది. ఆ మూడుసార్లూ మిగిలిన 14 దేశాలూ ఒకవైపే ఉన్నాయి. ఒకరి వీటోను చూసి మండిపడేవారు రెండవవారి వీటోకు సాకులు వెదకడం లోకంలో మామూలైపోయింది. మనం ఆ ఆటలో చేరకూడదు.

మార్గం లేదా?

పీటలు పెంచాలని చాలాకాలంగా అడుగుతున్నారు. 2005లో భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి ఒక ముసాయిదా పెట్టాయి. కొత్త శాశ్వత సభ్యులు పదిహేనేళ్ల తరువాత సమీక్ష జరిగేదాకా వీటో వాడరని అందులో వ్రాశారు. ఆఫ్రికా దేశాలు మరో మాట అన్నాయి: వీటోను అసలు తీసివేయాలి; ఉన్నంతకాలం కొత్తవారికీ ఉండాలి అని. ఇటలీ, పాకిస్తాన్ మొదలైనవి కొత్త శాశ్వత స్థానాలే వద్దంటున్నాయి. ఏది జరగాలన్నా 108వ అధికరణం ప్రకారం సభ్యులలో మూడింట రెండు వంతులమంది ఆమోదించాలి. వారిలో ఈ ఐదుగురూ ఉండాలి. పిల్లి మెడలో గంట కట్టడానికి పిల్లి సెలవు తీసుకోవాలన్నమాట.

అయినా నిరాశ అక్కరలేదు. 1963లో మండలిని 11 నుంచి 15కు పెంచాలని సర్వసభ్య సభ తీర్మానించినప్పుడు రష్యా, ఫ్రాన్సు వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉన్నాయి. అయినా ఆసియా, ఆఫ్రికా దేశాలు గట్టిగా నిలబడగా, 1965 నాటికి ఐదుగురూ సంతకం చేయక తప్పలేదు.

సర్వసభ్య సభ కూడా ఉత్సవ విగ్రహం కాదు. మండలి చేష్టలుడిగినప్పుడు సభ అత్యవసరంగా కూర్చోవచ్చునని 1950లో ఒక తీర్మానం చేశారు. 1956 సూయెజ్ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సు మండలిలో వీటో వేశాయి. సభ కూర్చున్నది, శాంతి సైన్యం ఏర్పడింది, దానిలో మన సైనికులూ వెళ్లారు, డిసెంబరు చివరికి ఆ రెండు దేశాల సైన్యాలూ ఈజిప్టు విడిచిపోయాయి. అమెరికా డబ్బు విషయంలో బ్రిటన్ మెడమీద చేయి వేయడం దీనికి ముఖ్య కారణం, నిజమే. కాని ఆ దేశాలు మర్యాదగా వెళ్లడానికి దారి చూపినది సభే. ఇక 2022 ఏప్రిల్‌లో లీచ్టెన్‌స్టైన్ అనే చిన్న దేశం చొరవతో మరొక నియమం వచ్చింది: ఎవరు వీటో వేసినా పది పనిదినాలలోగా సభలో దానిమీద చర్చ జరగాలి. వీటో ఆగదు, కాని వేసినవాడు నలుగురిలో సమాధానం చెప్పుకోవాలి. సిగ్గు అనేది దేశాలకూ ఎంతో కొంత ఉంటుంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది 27వ అధికరణంలోనే ఒక మూల దాగి ఉన్నది. శాంతియుత పరిష్కారానికి సంబంధించిన 6వ అధ్యాయం కింద నిర్ణయాలు జరిగేటప్పుడు, ఆ తగవులో పక్షమైన సభ్యుడు ఓటు వేయరాదు. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర పెద్దలు పాటించిన ధర్మమే ఇది: తన తగవుకు తాను తగవరి కారాదు. గట్టు తగాదా ఉన్నవాడు ఎంత పెద్ద ఆసామి అయినా ఆ పూట అరుగు దిగి కింద నిలబడవలసిందే. ఈ నియమాన్ని మొదటి పదిహేనేళ్లలో కొన్నిసార్లు పాటించారు. తరువాత అందరూ కలిసి అటక మీద పెట్టేశారు.

దానిని పాటించిన కాలంలో మన దేశం ఎలా నడిచిందో తెలుసుకోదగినది. 1950, 1951లలో భారతదేశం భద్రతా మండలిలో సభ్యదేశం. మన ప్రతినిధి మంగుళూరువారు బెనెగళ్ నరసింగరావుగారు. ఆ రెండేళ్లలోనూ కాశ్మీరు విషయమై తీర్మానాలు వచ్చాయి. 1951 మార్చి 30 నాటి తీర్మానం మనకు ఏమాత్రం సమ్మతం కాదు; ఆ మాట మనవారు చెప్పారు కూడా. అయినా ఓటు దగ్గరకు వచ్చేసరికి భారతదేశం వ్యతిరేకంగా చేయెత్తలేదు. తగవులో ఉన్న పక్షానికి ఛార్టరు చెప్పినట్లే తటస్థంగా ఉన్నది.

మనకు పెద్ద పీట కావాలని అడిగే హక్కు ఉన్నది. ఇప్పటికి ఎనిమిదిసార్లు ఎన్నికై మండలిలో కూర్చున్నాము. శాంతి సైన్యాలలో మన బిడ్డలు ప్రాణాలిచ్చారు. కాని “వాళ్లకున్న కర్ర మాకూ ఇవ్వండి” అని అడిగితే ఆరవ బలవంతుడిగా నిలబడతాము. దానికి బదులు, “మేము పక్షమైన తగవులో మేము ఓటు వేయము, మీరూ అలాగే ఒప్పుకోండి, ఆ నియమాన్ని యుద్ధ విషయాలకూ వర్తింపజేయండి” అని ముందుగా మనమే ప్రకటిస్తే, చిన్న దేశాలు మన వెనక నిలుస్తాయి.

“అలాగైతే రేపు మనకు కష్టం వస్తే ఎవరు అడ్డుపడతారు?” అని అడగవచ్చు. ఇన్నేళ్లూ మనకు సొంత వీటో లేదు. హైదరాబాదు, యానాం, గోవా, అన్నీ మన సత్తువతో, అక్కడి ప్రజల ఇష్టంతో తేలినవి. గొడుగు పట్టిన స్నేహితుడికి కృతజ్ఞత చెప్పుకుందాము. కాని న్యాయం అనేది గొడుగు ఉన్నవాడికి ఒకటి, లేనివాడికి ఒకటి కారాదు. 1951లో మనం కాశ్మీరు వంటి ప్రాణసమానమైన విషయంలోనే అరుగు దిగి నిలబడగలిగాము. ఆ మాట ఇప్పుడు ఐదుగురు పెద్దలతో అనగల అర్హత ఏ దేశానికైనా ఉన్నదంటే అది మనకే ఉన్నది.